తీగ గేట్ల నోటుబుక్కు

నా నోటుబుక్కును నా తలగడ కింద నుంచి నా స్నేహితుడు తీశాడు. తీయలేదని నా మొహం మీదే చెప్పాడు. ఇది జరిగింది కువైట్‌లో, ఇరాక్ సైన్యం వచ్చిన ఆగస్టు నెలాఖరులో. ఆ పొద్దే నేను బస్సెక్కి వచ్చేశాను. వాడు అక్కడే ఉండిపోయాడు. పుస్తకం ఏమైందో ముప్పై ఏళ్లకు పైగా నాకు తెలియలేదు.

యుద్ధంలో ఎవరెవరు ఏమేం పోగొట్టుకోలేదు, నీదొక నోటుబుక్కా అని వెక్కిరించినవాళ్లున్నారు. సైన్యం ఎత్తుకుపోయినవాటి గురించి నేను మాట్లాడటం లేదు. మా షెడ్డులో వెల్డింగు మిషన్లు ఎత్తుకుపోయారు, గ్రైండర్లు ఎత్తుకుపోయారు, చివరికి ఇనుము సాగగొట్టే దాగలిని కూడా నలుగురు పట్టి లారీలో వేసుకున్నారు. వాటికోసం నేను ఒక్కనాడూ ఏడవలేదు. పరాయివాడు తుపాకి పట్టుకొచ్చి తీసుకుపోతే దాన్ని దోపిడీ అంటారు. ఒకే పళ్లెంలో చెయ్యిపెట్టి తిన్నవాడు తీసుకుని, తీయలేదంటే దాన్ని ఏమంటారో నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. నిఘంటువును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాణ్ణే నేను.

బడి నాకు మూడో తరగతితో సరి. మా నాయన కడప దగ్గర ఒక పల్లెలో కొడవళ్లు, నాగలి కర్రులు చేసేవాడు. నేను కొలిమి దగ్గర కూర్చుని, అంగడివాళ్లు పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకున్నాను. సగం వార్తే ఉండేది, మిగతా సగం ఎవరింటికో పోయిన పొట్లంలో ఉండేది. అందుకే కాబోలు, ఎవరు ఏం చెప్పినా సగమే చెబుతున్నారని నాకు మొదటి నుంచీ అనుమానం. ఇనుము ఒక్కటే నాతో పూర్తిగా మాట్లాడింది. ఎంత ఎర్రనైతే ఎంత వంగుతుందో దాచుకోకుండా చెబుతుంది.

కువైట్‌లో సులైబియాలో గేట్లు, గ్రిల్సు చేసే షెడ్డులో పదకొండేళ్లు పనిచేశాను. మొదట్లో అన్నీ తిన్నటి కడ్డీలు, మీద ఈటె మొనలు, మధ్యలో ఒక బంగారు రంగు పువ్వు. నాలుగో ఏడు జాబ్రియా నుంచి ఒక ఇంటి యజమాని చంకలో లావుపాటి బొమ్మల పుస్తకం పెట్టుకుని వచ్చాడు. యూరప్‌లో ఏదో నగరం చూడ్డానికి కుటుంబంతో పోయి, అక్కడి ఇళ్లు చూసి, ఆ పుస్తకం కొనుక్కొచ్చాడట. పుస్తకాన్ని నా ముందు తెరిచాడు.

ఆ బొమ్మల్లో ఒక్క తిన్నటి గీత లేదు. మెట్ల పక్కన ఇనుము కాడలాగా లేచి, మధ్యలో మనసు మార్చుకున్నట్టు పక్కకు వంగి, పైకి పోయి మొగ్గై ముడుచుకుంది. వాకిలి చట్రం చెవిలా ఉంది. కిటికీ అద్దాలు తూనీగ రెక్కల్లా ఉన్నాయి. ఒక బాల్కనీ ఇనుమైతే, ఆడమనిషి తలంటుకుని జుట్టు ఒక్కసారి విదిలించినట్టే ఉంది. దీన్ని ఆర్ట్ నూవో అంటారు, కొత్త కళ అని అర్థం అని ఆయన చెప్పాడు. ఎన్నాళ్ల కిందటిదని అడిగాను. సుమారు వందేళ్లన్నాడు. వందేళ్లనాటిదాన్ని ఇంకా కొత్తదంటున్నారంటే ఎక్కడో మోసం ఉందని మనసులో అనుకుని, నేను దానికి తీగపని అని పేరు పెట్టుకున్నాను.

మా ఫోర్‌మన్ ఈజిప్టువాడు. ఇది ఇక్కడ అయ్యే పని కాదన్నాడు. నేను షెడ్డు నేల మీద సుద్దముక్కతో గేటును అసలు కొలతలో గీసి, ఇనప్పలకకు మేకులు దిగేసి, ఇనప పట్టాను ఎర్రగా కాల్చి ఆ మేకుల చుట్టూ తిప్పి చూపించాను. పది రోజులు పట్టింది. గేటు నిలబెట్టిన రోజు యజమాని దాన్ని తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, లోపలికి పోకుండా అక్కడే నిలబడ్డాడు. ఆయన్ను చూసి ఇంకా నలుగురైదుగురు చేయించుకున్నారు.

అలా చేసిన ప్రతి తీగ గేటునూ నేను నోటుబుక్కులో గీసుకున్నాను. బకాలాలో, అంటే అక్కడి చిల్లరంగట్లో, కొన్న అట్టపుస్తకం. ఎడమ పేజీలో బొమ్మ, వంపు వంపుకీ కొలత. కుడి పేజీలో ఇంటి వివరం. ఏ వీధి, ఏ నెంబరు, గోడ ఎత్తెంత, గేటు తిరిగే బందులు ఏ పక్క, తాళం ఏ పక్క, వెనక దారి ఉందా, బండి లోపలి దాకా పోతుందా. ఇది నా ఒక్కడి అలవాటు కాదు, గేట్ల పనివాళ్లందరిదీ. గేటు కుంగిందనో తాళం పట్టడం లేదనో మూడేళ్ల తర్వాత పిలుస్తారు. రాసిపెట్టుకోనివాడు ఒకసారి చూడ్డానికి, ఒకసారి సామాను తేవడానికి తిరిగి చస్తాడు. నా ఉద్దేశం ఇంకొకటి కూడా ఉంది. ఆ పుస్తకంతో ఊరికి పోయి, కడపలో సొంతంగా తీగపని షెడ్డు పెట్టాలని. మా పక్క ఎవరూ చూడని పని అది. నా పదకొండేళ్ల పనితనం ఆ అట్టల మధ్యే ఉంది.

ఇక నా స్నేహితుడి సంగతి. వాడు ఆ జాబ్రియా ఇంట్లో డ్రైవరు. రాయచోటి సాయిబు, నాకంటే ఐదారేళ్లు చిన్న. గేటు బిగిస్తున్న రోజు కడ్డీ జారి నా కాలి మీద పడితే నేను తిట్టిన తిట్టు విని, ఇంట్లోంచి నవ్వుకుంటూ బయటికొచ్చాడు. ఆ తిట్టు మావూళ్ల పక్కదని పట్టేశాడు. అప్పటి నుంచి నన్ను అన్నా అని పిలిచాడు. శుక్రవారాలు కలిసి వండుకునేవాళ్లం. వాడు తెలుగు బడిలో ఐదు చదివాడు. నా నోటుబుక్కు తిప్పి చూసి, నీ రాత కోడి గెలికినట్టుంటుంది న్నా అనేవాడు.

ఆ ఇంటికే నేను ఇంకొక చిన్న పని చేశాను. యజమాని అన్న ఇల్లు వెనక వీధిలో, గోడకు గోడ ఆనుకుని ఉంది. రెండిళ్ల ఆడవాళ్లు రోడ్డెక్కకుండా అటూ ఇటూ తిరగడానికి గరాజు వెనక గోడకు మనిషి వంగి పోయేంత ఇనప తలుపు ఒకటి పెట్టాను. గరాజు అరల వెనక ఉంటుంది. తెలియనివాడికి కనపడదు. దాన్నీ పుస్తకంలో రాసుకున్నాను, మొదటి పేజీలో.

ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు ఆ యజమాని పిల్లలతో ఎండాకాలం సెలవలకు దేశం బయట ఉన్నాడు. ఇంట్లో మిగిలింది ఆయన తల్లి, ఇద్దరు ఆడమనుషులు, మావాడు. అక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్లు మామా అంటారు, ఆ ముసలమ్మను వాడు పెద్ద మామా అనేవాడు. మా షెడ్డు ఖాళీ అయ్యాక నేను కూరగాయల బండి ఒకటి పట్టుకుని జాబ్రియాకు పోయాను. గరాజు పక్కన వాడి గదిలో రెండు వారాలున్నాను.

ఆ రెండు వారాల్లో ఒకరినొకరు నమ్మినవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు. రొట్టెల వరసలో ముందున్నవాడు వెనకవాణ్ణి చూసి మాట మింగేవాడు. ఎవరో ఇళ్ల నెంబర్లు పీకేశారు, వీధుల బోర్డులు ఊడదీశారు. ఊరంతా పేర్లు చెరిపిన పలకలా ఉంది. నాకు మా వాడి మీదే అనుమానం మొదలైంది. రోజూ మా వాటాకంటే ఎక్కువ రొట్టెలు తెచ్చేవాడు. కూర గిన్నె మీద గుడ్డ కప్పి గరాజులోకి పోయేవాడు, ఖాళీ గిన్నెతో వచ్చేవాడు. ఎవరికిరా అంటే పిల్లికి అన్నాడు. యజమాని లేనిది చూసి సామాను గరాజులో పోగేసి ఎవరికో అమ్ముతున్నాడని, కొన్నవాళ్లకు తిండి కూడా పెడుతున్నాడని నాలో నేను లెక్క కట్టాను. వాణ్ణి అడగలేదు. అన్నం పెట్టేవాణ్ణి ఎలా అడుగుతాం?

మన దేశానికి పోయే బస్సుల జాబితాలో నా పేరు వచ్చింది. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు, అక్కడి నుంచి విమానం. బస్సుకు ఇంకా ఒక పగలుంది. ఆ పగలంతా ఇళ్లు చూడ్డానికి పోదామని వాడితో అన్నాను.

నవ్వేవాళ్లు నవ్వండి. పదకొండేళ్లలో నేను ఆ ఊరు చూడలేదు. పికప్పు వెనక కూర్చుని పోయేవాడికి ఊరు ఎప్పుడూ వెనక్కి పోతున్నట్టే కనిపిస్తుంది. నచ్చిన ఇంటి ముందు బండి ఆపమనడానికి నేనెవర్ని? నేను చేయని తీగపని ఇళ్లు ఇంకా మూడున్నాయని ఫోర్‌మన్ చెబుతుండేవాడు. సాల్మియాలో సముద్రం పక్కన ఒక ఇంటికి అసలైన ఇనుమే యూరప్ నుంచి ఓడలో వచ్చిందట. బాగా డబ్బున్నవాళ్లు విమానమెక్కి పోయి ఆ దేశాల్లో అలాంటివి చూసి వస్తారు. నాకు ఆ ఒక్క పగలే ఉంది.

"పిచ్చిగాని పట్టిందా న్నా? జనం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఇంట్లో కూచోనుండారు," అన్నాడు వాడు.

నేను ఒక్కణ్ణే పోతానన్నాను. అలా అనేసరికి వాడు చెప్పులేసుకున్నాడు. నా మీద ప్రేమతో వస్తున్నాడనుకున్నాను అప్పుడు. తర్వాత చాలా ఏళ్లు, నన్ను కనిపెట్టి ఉండటానికే వచ్చాడని అనుకున్నాను.

తెల్లవారుతూనే బయల్దేరాం, ఎండ ముదరకముందే. మొదటిది జాబ్రియాలోనే, నాలుగు వీధుల అవతల. బాల్కనీ ఇనుము నెమలి ఈకల్లా చేశారు, ఒక్కో ఈక చివర పచ్చ గాజు కన్ను. ఈకలన్నీ ఒక్క అచ్చులో పోసినవని, చేతిపని కాదని చూడగానే తెలిసింది. పోనీ, అచ్చు చేసినవాడి చెయ్యి మంచిదే. నేను గీసుకుంటుంటే మేడ మీద కిటికీ పరదా కొంచెం కదిలింది. అందులోంచి ఒక ముసలాయన మమ్మల్ని చూశాడు. నేను సలాం చేశాను. ఆయన కిటికీ చెక్క మూసేశాడు. లోపల గొళ్లెం పడిన చప్పుడు వీధిలోకి వినపడింది. బాల్కనీ చూసి మెచ్చుకున్నవాణ్ణి దొంగలా చూస్తాడేమని నాకు మండిపోయింది. ఆయన నెంబరు పలక పీకేసి ఉంది. ఆ నెంబరు నాకు గుర్తుంది. షెడ్డు పికప్పులో రెండుసార్లు ఆ వీధిలోంచి పోయాను. నెంబరు పుస్తకంలో రాసుకున్నాను. మావాడు అది చూశాడు.

రెండోది సుర్రాలో. తూనీగ రెక్కల అద్దాల తలుపున్న ఇల్లు అని విన్నాను. మేము పోయేసరికి తలుపే లేదు. రెక్కలను బందులతో సహా పెళ్లగించుకుపోయారు. చెవి ఆకారపు వాకిలి మాత్రం నోరు తెరిచి ఉంది, లోపల మెట్లు కనిపిస్తున్నాయి. మెట్ల కమ్మీ ఎవరి చేతికీ రాక మిగిలింది. ఏ మూలకెక్కడ తిప్పారో వాకిట్లో నిలబడే గీసుకున్నాను. మావాడు వీధి అటు చివరా ఇటు చివరా చూస్తూ, యల్లా న్నా, యల్లా, అంటే పద పద అని గొణుగుతున్నాడు. నేను ఎప్పటిలాగే కుడి పేజీ కూడా నింపాను. గోడ ఎత్తు, తాళం చోటు, వెనక సందు, ఫోర్‌మన్ ఎప్పుడో చెప్పిన నెంబరు. తలుపే లేని ఇంటికి తాళం చోటు ఏంటికి రాసినావని ఇప్పటివాళ్లు అడుగుతారు. చట్రంలో తాళం నాలుక దిగే రంధ్రం ఉంది. ఉన్నది రాసుకున్నాను.

సాల్మియాకు చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. దారిలో ఒక దోసకాయ ఇద్దరం పంచుకున్నాం. ఇల్లు రోడ్డు మలుపులో ఉంది. నేను అనుకున్నదానికంటే చిన్నది. నేరుగా గేటు దగ్గరికి పోయాను. రెండు రెక్కలూ కలిసి ఒకే మొక్క, వేళ్లు కింద, కొమ్మలు పైన, గేటు తెరిస్తే మొక్క నిలువునా చీలుతుంది. అతుకులెక్కడున్నాయా అని వెతికాను. నేను పదకొండేళ్లు వెల్డింగు మచ్చను గ్రైండరుతో అరగదీసి దాచిన చోట, వాళ్లు ఒక ఆకును రివిటు కొట్టి దాచారు. ఆకు కింద అతుకుంది. ఎవడో కమ్మరి, నాలాంటివాడే, ఎప్పుడో చచ్చిపోయినవాడు, అతుకును చూసి సిగ్గుపడకుండా దాని మీద ఆకు మొలిపించాడు. ఆ ఆకును గీసుకుంటుండగా వెనక నుంచి కేక వినపడింది.

పక్కింటి గోడ నీడలో సైనికులున్నారు. నేను చూసుకోలేదు. మావాడు చూశాడట, చొక్కా పట్టి లాగాడట, నాకు తెలియలేదు. ఒకడు వచ్చి పుస్తకం లాక్కున్నాడు. పడుచువాడు, గడ్డం నున్నగా గీసుకోలేదు. అరబ్బీ పుస్తకం మనం చివరనుకునే వైపు నుంచి మొదలవుతుంది కదా, వాడు అటు నుంచి తెరిచాడు. ఖాళీ పేజీలు, నేను సగం గీసిన ఆకు దాటాక సుర్రా ఇల్లు వచ్చింది. బొమ్మ చూశాడు, అంకెలు చూశాడు, తెలుగు చూసి తల అటూ ఇటూ తిప్పాడు. ఏ భాష అన్నాడు. హింది, హింది అన్నాడు మావాడు. పుస్తకం నా చేతికిచ్చి, ఇక్రా అన్నాడు. చదువు అని.

నేను చదివాను. చదవమన్నాడు, చదివాను. గోడ తొమ్మిది అడుగులు, తాళం కుడి చేతి వైపు, వెనక సందులో మనిషి పట్టే దారి, ఇంటి నెంబరు ఇంత. ఒక్కో ముక్కకూ మావాడు అరబ్బీలో చెబుతూ పోయాడు. నాకు అరబ్బీ వచ్చని వాడికీ తెలుసు. అయినా నా ఎదుటే వాడు చెప్పింది ఇది. ఈయన ఊర్లో ఇల్లు కట్టుకుంటున్నాడు, అది ఆ ఇంటి కొలత, రోజూ చదువుకుని మురిసిపోతుంటాడు, మనిషికి కొంచెం మజ్నూన్. అంటే పిచ్చి.

నాకు ఒళ్లు మండింది. సొంతంగా చదువుకుని, చేత్తో గీసి, ఏళ్ల తరబడి పెంచిన పుస్తకాన్ని పట్టుకుని పిచ్చివాడి కాగితాలంటాడా? లా, కాదు, అని నేను అరబ్బీలో మొదలుపెట్టాను. ఇది సుర్రాలోని ఇల్లు అని చెప్పబోయాను. మావాడు మడమతో నా కాలివేళ్లు తొక్కాడు, ఊరికే కాదు, బరువంతా వేసి. నొప్పికి నేను మూలిగాను. సైనికుడు నవ్వాడు. నా చేతిలో పెన్సిలు తీసుకుని తన చెవి మీద పెట్టుకుని, యల్లా పొండి అన్నాడు. పుస్తకం నాకే వదిలేశాడు. ఒక శత్రువు వదిలేసిన పుస్తకం అది. ఆ సంగతి మరిచిపోవద్దు.

సముద్రం కనుమరుగయ్యేదాకా వాడు వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాడు. తర్వాత ఒక మూసిన అంగడి అరుగు మీద కూర్చున్నాం.

"ఆ పుస్తకం నాకియ్యి న్నా. నేను దాస్తా," అన్నాడు.

"ఏంటికి? నువ్వేమన్నా కమ్మరోడివా?"

"ఊర్లో నెంబర్లన్నీ జనం పీకి పారేసుకుంటే, నువ్వు మల్లా రాసుకుంటాండావు."

"నెంబరు ల్యాకుంటే ఇల్లు ఎట్లా గుర్తుంటాది?"

"గుర్తుండకూడదనే గదా పీకిండేది."

"నేను మల్లా వస్తే పని ఉంటాది. నా పని నాకు తెలుసు."

"మొదటి పేజీ ఒక్కటన్నా చించెయ్యి."

మొదటి పేజీ ఆ జాబ్రియా గేటు. నా చేత్తో పుట్టిన మొదటి తీగ. దాన్ని చించమంటాడు. నాకు అప్పుడు అనుమానం గట్టిపడింది. వీడికి ఈ పుస్తకం కావాలి, ముందు ఒక పేజీతో మొదలుపెడుతున్నాడు అనుకున్నాను. ఇక దాచుకోలేదు.

"నువ్వు ముందు ఇది చెప్పు. దినామూ గరాజులోకి మోస్తాండే రొట్టెలు ఎవరికి?"

"పిల్లికని చెప్తి గదా."

"పిల్లి ఆరు రొట్టెలు తింటాదా?"

"పెద్ద పిల్లి న్నా," అన్నాడు, నవ్వకుండా. లేచి నడిచాడు. ఇంటికి చేరేదాకా నాకు నాలుగడుగులు ముందే నడిచాడు.

ఆ సాయంత్రం పళ్లెం ఒకటే పెట్టాడు, ఎప్పటిలాగే. ఇద్దరం తిన్నాం. నేను పుస్తకాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. పొద్దంతా నడిచిన ఒళ్లు, మొద్దులా నిద్రపోయాను. తెల్లారి చెయ్యి పెడితే తలగడ కింద నేల తగిలింది.

గదంతా వెతికాను. వాడి పెట్టె తెరిచి చూశాను. వాడు గుమ్మంలో నిలబడి నేను వెతకడం చూస్తూ ఉన్నాడు, అడ్డం రాలేదు. నా పుస్తకం ఏదిరా అన్నాను.

"నేను తీయలేదు న్నా. బస్సు పోతాది, పా."

రొట్టెలు, ఖర్జూరాలు మూట కట్టి నా చేతికిచ్చాడు. దాన్ని గరాజు గడప మీద పెట్టేసి, నేను చేసిన గేటు నేనే తెరుచుకుని బయటికొచ్చాను.

దారి పొడుగునా ఆకలికి నా పట్టుదలను నేనే తిట్టుకున్నాను. బస్రా దాకా, ఆ తర్వాతా సైనికులు మమ్మల్ని ఎన్నిసార్లు దించారో నాకు లెక్క లేదు. దించిన ప్రతిచోటా మూటలు విప్పించారు. నా ముందు సీటాయన దగ్గర ఒక డైరీ దొరికితే ఆయన్ను పక్కకు తీసుకుపోయి చాలాసేపు కూర్చోబెట్టారు. నా సంచిలో విప్పడానికి రెండు లుంగీలు, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు తప్ప ఏమీ లేవు. ఎండలో మిగతావాళ్లతో నిలబడి నేను ఆలోచించింది ఒక్కటే. మావాడు ఈపాటికి నా పుస్తకాన్ని ఎవరికి చూపిస్తున్నాడో అని.

కడపలో షెడ్డు పెట్టాను, తీగపని పెట్టలేదు. జ్ఞాపకం నాకు గట్టిదే, ఆ రోజు దోసకాయ చేదు కూడా గుర్తుంది. కానీ వంపును జ్ఞాపకంతో తిప్పలేం. ఏ కొలతకు ఎంత వేడి, ఎన్నో మేకు దగ్గర చెయ్యి మార్చాలో అంతా ఆ ఎడమ పేజీల్లో ఉంది. ఒకటి రెండు ప్రయత్నించాను. తీగలు కావు, పాములయ్యాయి. మళ్లీ ఈటె మొనలకే దిగాను.

కొన్నేళ్లకు రాయచోటిలో వాడి బామ్మర్ది గ్రిల్సు అంగడి పెట్టాడని తెలిసింది. ఆ పొద్దే బస్సెక్కి పోయాను. అంగడి ముందు ఒక గేటు ఆనించి ఉంది. వంపులున్నాయి, మొగ్గలున్నాయి. జేబులో దారం తీసి కొలిచాను. నా తీగ కాదు. కానీ నా తీగను చేతకానివాడు చేస్తే అచ్చం అలాగే ఉంటుంది. ఈ నమూనా ఎక్కడిదని అడిగితే, బెంగుళూరు నుంచి వచ్చిన కాటలాగులోదని ఆ బామ్మర్ది చెప్పాడు. కాటలాగు చూపించమంటే, ఏ ముసలాయనా, కొనేదానికొచ్చినావా, తనిఖీకొచ్చినావా అన్నాడు.

వాడి కువైట్ చిరునామా ఆ అంగట్లోనే దొరికింది. ఉత్తరాలు రాశాను. మొదట తిడుతూ రాశాను. తర్వాత మర్యాదగా రాశాను. ఒకదాంట్లో న్యాయంగా వాదించాను. తెలుగులో ఉన్న పుస్తకాన్ని ఆ సైనికుల్లో చదివేవాడెవడు? ఎవడూ లేడు. కాబట్టి భయపడి తీశానని చెప్పుకోవడానికి నీకు దారి లేదు. తీశావంటే ఆశపడే తీశావు, ఒప్పుకో, నీకు క్షమాపణ కూడా ఇస్తాను. ఇంతకంటే ఏ మనిషి దిగి రాస్తాడు? జవాబు లేదు. వాడు పని మానుకుని రాయచోటికి వచ్చేశాడని విని అక్కడికీ రాశాను. పెళ్లి శుభలేఖలు వచ్చాయి వాళ్లింటి నుంచి, రెండు. ఉత్తరానికి జవాబు మాత్రం రాలేదు. నేను పెళ్లిళ్లకు పోలేదు.

పోయిన ఏడాది చివర్లో ఒక కవరు వచ్చింది. పెన్సిలుతో, వాడి చేత్తోనే రాశాడు. నా రాతను కోడి గెలికినట్టుందన్నవాడి రాత ఇప్పుడు అంతకంటే అధ్వానంగా ఉంది. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"అన్నా, నీ జాబులన్నీ అందినాయి. పెద్ద మామా బతికుండేదాకా ఆమెకు మాటిచ్చినా, ఆ ఇంటి గుట్టు చెప్పనని. ఆమె పోయిన కబురు నిన్ననే వచ్చింది. పుస్తకం నేనే తీసినా. ఆ తెల్లారే రొట్టెల పొయ్యిలో పెట్టినా. అమ్ముకోలేదు, బామ్మర్దికీ ఇయ్యలేదు. గరాజు వెనక తలుపు అవతల పెద్ద మామా చిన్న కొడుకు ఉండె. ఆయప్ప కువైట్ మిలటరీలో చేసేవాడు, దొరికితే చంపుతారు. ఆ తలుపు సంగతి తెలిసింది ఇంట్లోవాళ్లకు, నాకు, నీకు. మేమంతా ఇంట్లోనే ఉంటాం. పోయేవాడివి నువ్వొక్కడివి. సిపాయిలకు తెలుగు రాదు, చదివేవాడెవడు అని రాసినావు. నువ్వుంటివి గదన్నా. ఆ పొద్దు చదవమంటే చదివినావు, నేను అబద్ధం చెప్తే దాన్నీ దిద్దబోయినావు. పుస్తకం ఉంటే నిన్ను అడుగుతారు, ల్యాకుంటే నిన్నెవరడుగుతారు? నీ పదకొండేండ్ల కష్టం అని నాకు తెలుసు. ఆయప్ప ఇప్పుడు మనవళ్లతో ఉండాడు. తప్పు చేసినానని రాయమంటావు, రాయను. నువ్వు చెప్పేస్తావని అనుకోలేదు నేను. చెప్పవని నాకు యాడ తెలుసు? ఇప్పుడు గూడా తెలీదు."